విదాద్ బండికి పెద్ద చక్రాలు

లెబనాన్‌లోని జహ్లే ఊళ్లో విదాద్ చేతి సూదిపోటు తినని వాళ్లు తక్కువ. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం ఆమెది. చేరిన నాటినుంచీ అదే గది, అదే కుర్చీ. అందుకే బజార్లో ఆమె ఎదురైతే సగం మంది తమకు తెలియకుండానే మోచేయి తడుముకుంటారు. మిగతా సగం మంది ఆమె వెనక ఎవరున్నారా అని తొంగి చూస్తారు. ఎందుకంటే ఒకప్పుడు విదాద్ ఎర్రటి స్పోర్ట్స్ మోటారుసైకిల్ మీద డ్యూటీకి వచ్చేది. వెనక సీటు మీద మొగుణ్ణి కూర్చోబెట్టుకుని వచ్చేది.

మొగుడి పేరు నఖ్లే. బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. ఊరంతా ఇప్పటికీ 'ఉస్తాజ్' అనే పిలుస్తుంది, మనం పంతులుగారూ అన్నట్టు. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. విదాద్ అతని చంక దగ్గరికి వస్తుంది, అదీ జుట్టు ఎత్తి ముడేసుకుంటే. ఏ నది ఏ కొండలో పుట్టిందో నిద్రలో లేపినా చెప్పేస్తాడు గానీ బండి నడపడం మాత్రం అతనికి పట్టుబడలేదు. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి హ్యాండిలు పట్టుకుని దోసకాయల తోపుడుబండిలోకి దూసుకుపోయాడు. నలిగిన దోసకాయలన్నీ ఇంటికి మోసుకురావలసి వచ్చింది. ఆ వేసవంతా ఇద్దరూ ఊరగాయే తిన్నారు. అప్పట్నుంచి వెనక సీటు తనదని రాసిచ్చేసుకున్నాడు. ఎవరైనా వెక్కిరిస్తే, "నడిపేవాళ్లకి రోడ్డొక్కటే కనబడుతుంది, వెనక కూర్చున్నవాడికి దేశం కనబడుతుంది" అనేవాడు.

అలాంటి బండి నాలుగేళ్లుగా కదల్లేదు.

తర్షీష్ వెళ్లే కొండ రోడ్డు మీద, ఒక మలుపులో, ఎవరో లారీలోంచి జారవిడిచిన కంకర మీదికి ముందుచక్రం వెళ్లింది. బండి పక్కకి ఒరిగి జారిపోయింది. విదాద్ జాకెట్టు చెయ్యి చిరిగింది, అంతే. నఖ్లేకి మాత్రం మెడకింద ఎముక విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టించుకుంటూ కూడా అతను డాక్టరుకి లెబనాన్ కొండల్లో సున్నపురాయి ఎలా ఏర్పడిందో వివరించాడు. ఎముక అతుక్కుంది. బండి గీతలు పోయాయి. కానీ విదాద్ మళ్లీ దాన్ని బయటికి తియ్యలేదు.

ఎవరైనా అడిగితే ఆమె దగ్గర తయారుగా ఒక సమాధానం ఉండేది. ఇది పాతకాలం బండి, చక్రాలు పదహారు అంగుళాలవి, ఆ కొలతకి మంచి టైర్లు ఇప్పుడెవరూ చెయ్యడం లేదు, ఉన్న టైర్లు పగుళ్లిచ్చాయి. అందులో అబద్ధమేమీ లేదు. బేరూత్‌లో ముగ్గురు నలుగురు వ్యాపారుల్ని అడిగానని కూడా చెప్పేది. అదీ నిజమే. ఒకరిద్దరు తెప్పించి పెడతామన్నారనీ, వాళ్లకి తను మళ్లీ ఫోన్ చెయ్యలేదనీ మాత్రం చెప్పేది కాదు.

ఈలోగా బండి కింది గదిలో సంసారంలో కలిసిపోయింది. సీటు మీద పుదీనా ఎండేది. పెట్రోలు ట్యాంకు మీద వంకాయ ఊరగాయ జాడీలు చేరాయి. నఖ్లే ఒకరోజు ఉల్లిపాయల జడ తెచ్చి హ్యాండిలుకి వేలాడదీశాడు. విదాద్ చూసింది. ఏమీ అనకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఏప్రిల్లో ఒక ఆదివారం పొద్దున నఖ్లే కాఫీ తాగుతూ, ఆ గది ఇరుకైపోతోంది, బండి అమ్మేద్దామా అన్నాడు. విదాద్ కయ్యిమంది. నీ పుస్తకాలు అమ్ము, నీ రాళ్ల పెట్టె అమ్ము, నా బండి జోలికి రాకు అంది. నఖ్లే బుద్ధిగా తలూపి, ఇంకో కప్పు కాఫీ పోసుకుని, మేడమీదికెళ్లి బెదిగ్‌కి ఫోన్ చేశాడు.

బెదిగ్ అంజర్‌లో మెకానిక్కు. ఆ ఊరివాళ్లంతా ఆర్మీనియన్లు, అతనూ అంతే. అరబ్బీ అందరిలాగే మాట్లాడగలడు. కానీ వాళ్ల నాయనమ్మ మగవాళ్లని ఆడవాళ్లుగానూ ఆడవాళ్లని మగవాళ్లుగానూ మార్చి మాట్లాడేదట. ఆవిడ పోయాక ఆ ముచ్చట ఇంట్లో ఎవరో ఒకరు నిలబెట్టాలి కదా అని ఇతను అందుకున్నాడు. ఇప్పుడతనికి మామూలుగా మాట్లాడమన్నా నోరు తిరగదు.

వచ్చీ రాగానే కింది గదిలోకి దిగి, ఉల్లిపాయల జడని తీసి నఖ్లే మెడలో వేసి, బండి చుట్టూ తిరిగాడు.

"మదాం, ఉస్తాజ్ ఫోన్ చేసింది. బండి పోయాడు, చూసిపొమ్మని ఏడ్చింది. ఏం పోయాడు వీడు? గుర్రంలా ఉన్నాడు. చెప్పులు అరిగాయి, అంతే. పదిహేడు అంగుళాల చక్రాలు వేస్తే ఊళ్లో ఏ కొట్లోనైనా టైరు దొరుకుతుంది."

ఇదే కంపెనీ వాళ్లు తరవాత చేసిన బండొకటి బేరూత్ దగ్గర పాతసామాన్ల దొడ్లో పడుందని చెప్పాడు. ముందుభాగం నుజ్జయింది గానీ చక్రాలు చెక్కుచెదర్లేదట. ఇరుసు తేడా ఉంటుంది, దానికి తొడిగే ఇనప గొట్టాలు, అంటే బుష్షులు, లేతు మిషను మీద తిప్పుకోవాలి, బ్రేకు డిస్కు పెద్దది కనక దాన్ని పట్టే చట్రం జరపాలి, వెనక చైను కాస్త బయటికి రావాలి. అదంతా తను చూసుకుంటానన్నాడు.

విదాద్‌కి నాలుగేళ్లుగా ఆనుకున్న గోడని ఎవరో వచ్చి మడతపెట్టి చంకలో పెట్టుకుపోతున్నట్టుంది. అలా కుదరదంది. పాతబండి పాతబండిలాగే ఉండాలి, కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉంచాలి, అందులోనే దాని విలువ ఉందంది.

నఖ్లే మెడలో ఉల్లిపాయలతోనే, "నీకు రెండు పళ్లు కట్టించారు, కళ్లద్దాలొచ్చాయి, జుట్టుకి రంగేస్తావు. నీ విలువేమైనా తగ్గిందా?" అన్నాడు.

విదాద్ అసలు బాణం తీసింది. చక్రాలు పెద్దవైతే బండి ఎత్తు పెరుగుతుంది. ఇప్పుడే తన మునివేళ్లు నేలకి ఆనుతాయి. ఇంకా పెరిగితే ట్రాఫిక్కులో ఆగినప్పుడు ఎవరు పట్టుకుంటారు?

బెదిగ్ గడ్డం గోక్కున్నాడు. నిజమే, పెరుగుతుందన్నాడు. ఎంతంటే చెప్పలేడు గానీ పెరగడం ఖాయమన్నాడు. విదాద్ గెలిచినట్టు మొగుడి వంక చూసింది. ఆ సాయంత్రం ఆమె కూనిరాగం తీస్తూ అంట్లు తోమింది.

కబురు వీధిలోకి పాకింది. ఎదురింటి ఉమ్ జెర్యోస్ బాల్కనీలోంచి, విదాద్‌కి బండి ఎక్కడానికి నిచ్చెన కావాలా, మా ఆయన చెర్రీలు కోసేది ఉంది అని అడిగింది. ఆవిడా విదాద్ అంత పొట్టిదే. అందుకని విదాద్‌కి కోపం రావాలో వద్దో తేలలేదు. ఆసుపత్రిలో డాక్టర్లు కూడా పీట తెచ్చి పెడతామన్నారు. విదాద్ నవ్వేసి ఊరుకునేది. ఎగతాళికి నవ్వితే పోయింది, బండెక్కమని అడక్కుండా ఉంటే చాలు.

పదిరోజులు తిరక్కుండానే నఖ్లే బేరూత్ వెళ్లి, సాయంత్రానికి చంకలో ఒక అట్టపెట్టెతో తిరిగొచ్చాడు. బుర్జ్ హమూద్‌లో ఒక ముసలి చెప్పులవాడి చేత, విదాద్ పాత బూటు కొలతకి కుట్టించిన బూట్లవి. నల్లటి తోలు, లోపల మెత్తని ఉన్ని. అడుగుభాగం మాత్రం ఇటిక రాయంత మందం.

విదాద్ వాటిని బల్లమీద పెట్టి చుట్టూ తిరిగి చూసింది.

"ఇవి వేసుకుని బండి నడపమంటావా, ఇల్లు కట్టమంటావా?"

"ఎత్తు సరిపోదన్నావు. సరిపెట్టాను."

"నేను పొట్టిదాన్నని ఊరందరికీ తెలుసు. బేరూత్‌లో కూడా చాటించాలా?"

ఆ తరవాత రెండు పూటలు ఆ ఇంట్లో మాటల్లేవు. నఖ్లే ఉప్పు కావాలంటే గాలికి చెప్పేవాడు, విదాద్ ఉప్పుడబ్బా గాలికి అందించేది. మూడోపూట విదాద్ ఎవరూ చూడకుండా ఆ బూట్లు తొడుక్కుని కింది గదికెళ్లి బండెక్కి కూర్చుంది. పాదాలు నేలకి పూర్తిగా ఆనాయి. బావుందనిపించింది. గేరు వెయ్యబోతే, ఆ మందానికి బూటు మీటకింద దూరలేదు. పక్కకి తిప్పి చూసింది, వంచి చూసింది, దూరలేదు. పైకొచ్చి ఆ సంగతి మొగుడికి చాలా సంతోషంగా చెప్పింది. అలా మాటలు కలిశాయి. బూట్లు ఉమ్ జెర్యోస్‌కి పోయాయి. వాటి పుణ్యమా అని ఆవిడకి ఆదివారం చర్చిలో పాదిరిగారి ముఖం మొదటిసారి పూర్తిగా కనబడిందట.

కానీ నఖ్లే అప్పటికే చక్రాలకి చెప్పేశాడు. బెదిగ్ వ్యాను తెచ్చి బండిని ఎక్కించుకుపోయాడు. విదాద్ ఆపలేదు. పని కుదరదులే అని లోపల ఎక్కడో ఒక ఆశ ఉంది.

ఆ వేసవిలో ఇద్దరూ తరచూ అంజర్ వెళ్లేవాళ్లు. బెదిగ్ షెడ్డు నీటిబుగ్గల పక్కన, చేపల హోటళ్లకి వెనకవైపు ఉంటుంది. నఖ్లే వేయించిన చేప తింటూ ఆ నీళ్లు ఏ కొండ కడుపులోంచి వస్తున్నాయో హోటలువాడికి చెబుతుంటే, విదాద్ షెడ్డులో స్టూలు మీద కూర్చునేది. ఊరికే చూద్దామని కూర్చున్నది కాస్తా రెండోవారానికి స్పానర్లు అందిస్తోంది. మూడోవారానికి చేతికి గ్రీజు అంటింది.

ముందుచక్రం మొదటిసారి బిగించినప్పుడు అది కొంచెం ఎడమకి ఒదిగి కూర్చుంది. బెదిగ్ అది కంటిభ్రమ అన్నాడు. విదాద్ స్టూలు మీంచి లేచి, ఒక కన్ను మూసి చూసి, ఒకవైపు బుష్షు పొడుగైందంది. బెదిగ్ ఒప్పుకోలేదు. చక్రం తిప్పాడు. టైరు ఒకపక్క కడ్డీని రాసుకుంటూ చిన్నగా పిల్లి గోకినట్టు చప్పుడు చేసింది. బెదిగ్ ఆ చప్పుడు కాసేపు విన్నాడు.

"లేతు ముసలోడైపోయాడు. ఎంత చెబితే అంత కొయ్యడు," అని, బుష్షు ఊడదీసి మళ్లీ తిప్పడానికి వెళ్లాడు.

వెనకచక్రం ఇంకా సతాయించింది. కొత్త టైరు వెడల్పు, చైను దాన్ని తాకుతోంది. పళ్లచక్రాన్ని బయటికి జరిపితే చైను సరిపోయింది గానీ దాని కవరు అడ్డొచ్చింది. కవరు కోస్తే ఇంకోటేదో అడ్డొచ్చింది. బెదిగ్ ఆర్మీనియన్‌లో ఏదో అనేవాడు. దానికి అర్థమేమిటని విదాద్ అడిగితే, ప్రార్థన అనేవాడు. పని కుదరకూడదని మొదట్లో కోరుకున్న మనిషి, ఆగస్టు నాటికి రాత్రి పడుకోబోయే ముందు మొగుడితో చైను గురించి మాట్లాడుతోంది. నఖ్లే ఊఁ కొడుతూ, చీకట్లో నవ్వుకునేవాడు.

ఆగస్టు ఆఖర్లో బండి పూర్తయింది. బెదిగ్ దాన్ని షెడ్డు బయటికి తోసి, పక్కస్టాండు వేసి వదిలాడు. వదిలీ వదలగానే అది అవతలివైపుకి పడబోయింది. ముగ్గురూ ఒక్కసారే పట్టుకున్నారు. ఎత్తు పెరిగిన బండైతే స్టాండు మీద ఇంకా వాలాలి కదా, ఇదేమిటి కొయ్యలా నిటారుగా నిలబడింది?

బెదిగ్ టేపు తెచ్చి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. ముందు ఎత్తు దాదాపు పాతదే. వెనకేమో వేలెడు తగ్గింది. పాత టైరు తెచ్చి కొత్తదాని పక్కన నిలబెట్టి చూస్తే గానీ సంగతి తెలియలేదు. రిమ్ము పెద్దదైంది నిజమే, కానీ పాత టైర్లకి రిమ్ముకీ నేలకీ మధ్య బుగ్గలు లావు, ఈ కొత్తవాటికి బుగ్గల్లేవు. లోపల పెరిగింది బయట తగ్గిపోయింది.

"నాకు ముందే తెలుసు," అన్నాడు బెదిగ్. ఆ మాట అతనే నమ్మినట్టు లేడు.

విదాద్ ఎక్కి కూర్చుంది. తన మామూలు బూట్లతోనే, రెండు పాదాల ముందుభాగాలు నేలకి చక్కగా ఆనాయి. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆననంత బాగా ఆనాయి. బెదిగ్ స్టాండు కొస కోసి మళ్లీ అతుకు పెట్టడానికి లోపలికి వెళ్లాడు. నఖ్లే పక్కన నిలబడ్డాడు. ఎగతాళి చెయ్యడానికి అంతకంటే మంచి సమయం దొరకదు, అయినా చెయ్యలేదు.

విదాద్ ఆకాశం వైపు చూసి, వాన పడేలా ఉందంది. వాళ్లుండే బెకా మైదానంలో, ఆగస్టులో వాన! నఖ్లే తలెత్తి మబ్బు తునకైనా లేని ఆ నీలాన్ని మర్యాదగా చూశాడు.

"నఖ్లే, నాకు భయంగా ఉంది."

"తెలుసు."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"హ్యాండిలుకి ఉల్లిపాయలు కడితే నువ్వు నన్ను తిట్టనప్పట్నుంచి. నీ బండి మీద ఈగ వాలినా ఊరుకునేదానివి కాదు. ఏదన్నా అంటావని ఎదురుచూశాను."

"మరి ఇన్నాళ్లూ ఎందుకడగలేదు?"

"అడిగితే టైర్ల సంగతి చెబుతావు. అందుకని టైర్ల సంగతి ముందు తేల్చాను."

విదాద్ హెల్మెట్ పెట్టుకుంది. దాని లోపల కాసేపు కళ్లు మూసుకుని ఉంది. మొగుణ్ణి ఎక్కమనలేదు, అతనూ అడగలేదు. ఇంజను మొదటి ప్రయత్నంలోనే అందుకుంది. ఆ చప్పుడుకి హోటల్లో చేపలు తింటున్నవాళ్లు తలలు తిప్పారు.

మొదట ఆమె ఆపిల్ తోటల మధ్య నత్తలా పోయింది. ఒక గాడిద మీద వెళ్తున్న ముసలాయన దాదాపు ఆమెతో సమానంగా వచ్చాడు. తోటలు దాటి, పాతకోట గోడ పక్కన పొడుగాటి రోడ్డెక్కాక గేరు మార్చింది. పాత చిన్నచక్రానికి ఒక గుణం ఉండేది. మలుపు అని మనసులో అనుకుంటే చాలు, పడిపోయేంత తొందరగా లోపలికి ఒరిగేది. ఈ కొత్తది అలా కాదు. కాస్త తొయ్యాలి, అడగాలి. కానీ ఒకసారి ఒరిగాక ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది, బెదరదు. మొదటి రెండు మలుపులు ఆమెకి కోపం తెప్పించాయి. మూడోది బాగానే వచ్చింది. నాలుగోది అయ్యాక, తన భుజాలు చెవుల దగ్గరినుంచి కిందికి దిగాయని గమనించింది.

తిరిగొచ్చేసరికి నఖ్లే హెల్మెట్ తగిలించుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకుని, బస్సు కోసం నిలబడ్డట్టు షెడ్డు ముందు నిలబడున్నాడు. వెనక ఎక్కి కూర్చున్నాడు. స్ప్రింగులు మూలిగాయి. బెదిగ్ పరీక్షగా చూసి, "చక్రాలు బాగున్నారు. ఉస్తాజే కొంచెం లావైంది," అన్నాడు.

సెప్టెంబరులో ఒక ఉదయం ఇద్దరూ తర్షీష్ రోడ్డెక్కారు. ఆ మలుపు దగ్గర పడుతున్నకొద్దీ విదాద్ వేగం తగ్గిస్తూ వచ్చింది. చివరికి బండి నడుస్తోందా నిలబడిందా చెప్పడం కష్టమైంది. కంకర లేదు. రోడ్డు శుభ్రంగా, ఇంత మామూలు చోటా అన్నట్టుంది. అప్పుడు తెలిసింది ఆమెకి, తన పక్కటెముకలు నొప్పెడుతున్నాయని. నఖ్లే రెండు చేతులతోనూ ఆమెను పీపాకి ఇనప పట్టీ వేసినట్టు బిగించేశాడు.

మలుపు దాటాక కూడా కొంతదూరం ఆ చేతులు వదల్లేదు. కొండ నెత్తిమీద ఆపింది. నఖ్లే దిగి, దేశాన్ని చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

"చలిగా ఉంది," అన్నాడు.

విదాద్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్లూ ఆమె భయాన్ని ఒక్కో ఇటికా పీకేసిన మనిషి, తన సొంత భయాన్ని ఎక్కడ దాచుకున్నాడో ఆమె కనిపెట్టనేలేదు. ఆ సంగతే అడిగింది. నఖ్లే లోయలోకి చూస్తూ, ఇద్దరం భయపడితే బండి ఎవరు బయటికి తీస్తారన్నాడు. సంచిలోంచి పెరుగుమీగడ రొట్టెలూ ఆలివ్ కాయలూ తీసి తిన్నారు.

అక్కడే ఒక చిన్న ట్రక్కు ఇంజను చల్లారడానికి ఆగింది. వెనకంతా ఆపిల్ పెట్టెలు. డ్రైవరు విదాద్‌ని చూడగానే మోచేయి తడుముకున్నాడు. పలకరింపులయ్యాయి. అతను జహ్లేకే దిగుతున్నాడు.

నఖ్లే, దిగేటప్పుడు ఈ రాతిపొరల్ని తాపీగా చూడాలని తనకెప్పట్నుంచో ఉందనీ, ట్రక్కు అయితే అందుకు అనువుగా ఉంటుందనీ అన్నాడు.

"చూడు, చూడు. రాళ్లెక్కడికీ పారిపోవు," అంది విదాద్.

అతను ఆపిల్ పెట్టెల మధ్య, వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ట్రక్కు ముందు, ఆమె వెనక. దారిపొడుగునా నఖ్లే ఒక్క రాయినీ చూడలేదు. ప్రతి మలుపుకీ ముందే చెయ్యెత్తి, మెల్లగా, మెల్లగా అని సైగ చేస్తూ, మలుపు దాటి ఆమె కనబడగానే చెయ్యి దించుతూ వచ్చాడు. విదాద్ అతను చెప్పినట్టే విన్నది, లోయ కనబడే ఆ తిన్నటి రోడ్డు వచ్చేదాకా. అక్కడ గేరు మార్చి, హారను కొట్టి, ట్రక్కుని దాటేసింది. దాటేటప్పుడు మొగుడు నోరు తెరిచి ఏదో అరవడం కనబడింది. గాలికి వినబడలేదు.

ట్రక్కు వీధిలోకి వచ్చేసరికి విదాద్ బట్టలు మార్చుకుని, పొయ్యిమీద కాఫీ పెట్టింది. నఖ్లే ఒక పెట్టెడు ఆపిల్స్‌తో మెట్లెక్కి వచ్చాడు. డ్రైవరు వద్దన్నా ఇచ్చాడట. జుట్టంతా దుమ్ము. కుర్చీలో కూలబడి, వచ్చే ఆదివారం ఎక్కడికి వెళ్దామని అడిగాడు.